వేలిముద్రయు విజ్ఞానమును

శాస్త్రము ప్రజలకొఱకే యని చెప్పనివారు లేరు. కాని ప్రజలకు శాస్త్రమును జెప్పుటగూడ శాస్త్రములో నొక భాగమే యని యొప్పుకొనువారు మిక్కిలి యరుదు. మందును గనిపెట్టినవాఁడు పండితుఁడు, దానిని గూర్చి పల్లెవానికిఁ దెలియఁజెప్పువాఁడు వట్టి ప్రచారకుఁడు అను భేదబుద్ధి మనలోఁ జిరకాలమునుండి పాఁతుకొని యున్నది. ఒక కావ్యమును విమర్శించునపుడు మనము శబ్దమునకును అర్థమునకును గల పొందికను బరీక్షింతుము. అర్థ మెంత గొప్పదైనను, శబ్దము దానిని వినువాని హృదయమునకుఁ జేర్పలేనిచో ఆ రచన విఫలమైన దందుము. ఈ కొలబద్దతోనే శాస్త్రజ్ఞులు ప్రజలకొఱకు సిద్ధపఱచిన కాగితములను మాత్ర మేల పరీక్షింపరాదు? అవియు గద్యరచనలే. కావ్యము చెడినచో రసభంగ మగును. ఇట్టి కాగితము చెడినచో నమ్మకము భంగమగును. నమ్మకము పోయిన యింటి గుమ్మమును మంచి మందుగూడ దాఁటి లోనికిఁ బోలేదు.

ఇట్టి పరీక్షకుఁ దగిన యుదాహరణమునకై మనము దూరదేశములకుఁ బోనక్కఱలేదు. అది గోదావరి యొడ్డున, భద్రాచలపు టడవుల యంచుననే యున్నది.

2009వ సంవత్సరము జూలై మాసమున, నాఁటి ఆంధ్రప్రదేశమునందలి ఖమ్మము జిల్లాలో ఒక క్రొత్త టీకా కార్యక్రమ మారంభమయ్యెను. అమెరికాలోని సియాటిల్ నగరము కేంద్రముగాఁ గల పాత్ అను సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, రాష్ట్రప్రభుత్వమును గలిసి దీనిని నడపినవి. భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము అను మూఁడు మండలములలో 10 మొదలు 14 ఏండ్ల వయస్సుగల దాదాపు 14,000 మంది బాలికలకు గార్డసిల్ అను టీకా వేయఁబడెను. గుజరాతులోని వడోదర జిల్లాలో 10,000 మందికిఁ బైఁబడిన బాలికలకు సర్వారిక్స్ అను వేఱొక టీకా వేసిరి. స్త్రీల గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు రాచపుండును నివారించుట ఈ రెండు టీకాల యుద్దేశము. ఉద్దేశము మంచిదే, టీకాయు మంచిదే. ఆ సంగతి ముందుగానే చెప్పివేయుచున్నాను. ఏలయన, నా విమర్శనము టీకాపైఁ గాదు, దానిని జనుల ముందు నిలిపిన మాటలపైన.

2010 మార్చిలో సమ అను మహిళారోగ్య సంస్థవారు మఱికొందఱితోఁ గలిసి భద్రాచల ప్రాంతమునకు వచ్చి, బాలికలతోను వారి పెద్దలతోను మాటలాడి తాము చూచినది లోకమునకుఁ దెలిపిరి. ఏప్రిలులోఁ గేంద్రప్రభుత్వము కార్యక్రమమును నిలిపివేయించెను. టీకా వేయించుకొన్న బాలికలలో రెండు రాష్ట్రములందును గలిసి ఏడుగురు మరణించి యుండిరి. అందులో అయిదుగురు మన ఖమ్మమువారు. ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము 2011లో తన నివేదికనిచ్చుచు, ఈ మరణములకు టీకా కారణమై యుండదని తేల్చెను. ఆ యేడుగురిలో నొకతె నీటమునిఁగి చనిపోయినది; ఒకతెను బాము కఱచినది; ఒకతె మలేరియాకు బలియైనది; ఇరువురు బలవన్మరణము నొందిరి; తక్కిన యిద్దఱి విషయమునఁ గారణ మంత స్పష్టముగాఁ దెలియలేదు. కాని యాసంఘమే అనుమతి తీసికొన్న పద్ధతిలో లోపములు గలవని చెప్పెను. 2013 ఆగస్టు 30వ తేదీన ఆరోగ్య విషయములపైఁ బార్లమెంటు స్థాయీసంఘము సమర్పించిన 72వ నివేదిక యింతకంటెఁ గఠినముగా మాటలాడినది.

ఆ నివేదికలోని యొక లెక్కను జదువరులు నిదానముగాఁ జూడవలెను. ఆంధ్రప్రదేశమునకు సంబంధించిన 9,543 అనుమతి పత్రములలో 1,948 పత్రములపై వేలిముద్ర లుండెను. 2,763 పత్రములపై వసతిగృహముల పాలకులో, పాఠశాలల ప్రధానోపాధ్యాయులో సంతకము చేసి యుండిరి. అనఁగా అయిదింట నొక పత్రముపై అక్షరము రాని బొటనవ్రేలు. పదింట మూఁటికిఁ గొంచెము తక్కువగా, బిడ్డను గననివాని చేవ్రాలు. తల్లిదండ్రులకు బదులుగా ఉపాధ్యాయులే సంతకము చేయవలసినదిగాఁ బ్రభుత్వమునుండియే యుత్తరువు వెడలినదని నివేదిక చెప్పుచున్నది. బాలికలచేతి కిచ్చిన టీకా చీట్లు ఇంగ్లీషున నున్నవని సమవారు వ్రాసిరి.

ఈ కాగితములనే ఒక గ్రంథముగా భావించి విమర్శింతము.

మొదటి దోషము పేరులోనే యున్నది. నిర్వాహకులు తమ పనికిఁ బెట్టిన పేరు ప్రదర్శన కార్యక్రమము. ప్రదర్శన మనఁగా నేమి? చూపుట. ఎవరికిఁ జూపుట? క్రొత్త టీకాను దేశపు టీకాల పట్టికలోఁ జేర్చుట సాధ్యమా యని ప్రభుత్వములకుఁ జూపుట. టీకాకు 2008లోనే మన దేశమున అమ్మకపు టనుమతి లభించినది కావున నిది పరీక్ష కాదని వారి వాదము. జనులపై జరిపిన పరిశోధనయే యిది, పరిశోధనకుఁ గల నియమములన్నియు దీనికి వర్తింపవలె నని పార్లమెంటు సంఘము వాదము. పండితులు తమలోఁ దాము ఈ పదమును గూర్చి యెంతకాలమైనను వాదించుకొనవచ్చును. కాని టీకా వేయించుకొను పిల్ల తండ్రి యడుగఁగల ప్రశ్న యొక్కటే: ‘ఇది ప్రభుత్వమువా రందఱు పిల్లలకును వేయు టీకాయా, లేక మా పిల్లలకు వేసి యేమగునో చూచుటకా?’ ఈ ప్రశ్నకు సమాధానము చెప్పని పేరు మంచి పేరు కాదు. అస్పష్టత కవికిఁ గొన్నియెడల నలంకారము కావచ్చును. వైద్యునకు మాత్ర మెన్నఁడును గాదు.

రెండవ దోషము వక్తృశ్రోతల స్థానములను మార్చుట. అనుమతి పత్రమనునది యిద్దఱి మధ్య సంభాషణము. ఒకరు చెప్పవలెను, ఒకరు వినవలెను. విన్నవా రడుగవలెను, చెప్పినవారు బదులు చెప్పవలెను. ఆ తరువాతనే సంతకము. ఆశ్రమ పాఠశాలలలోఁ జదువు కోయపిల్లల తల్లిదండ్రు లడవిలోని గూడెములలో నుందురు. వేసవిలోఁ దునికాకు కోఁత, వానకాలమునఁ బోడు సేద్యము వారి కాలమును మ్రింగివేయును. వారిని గలిసికొనుట సులభము కాదు, నిజమే. కాని వారు కలియరాని వారా? వారమున కొకనాఁడు సంత జరుగును. ఉప్పునకును నూనెకును గొండలు దిగి వచ్చుదురు. 1996వ సంవత్సరపు షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీ చట్టము ప్రకారము అక్కడి భూమిని దీసికొనుటకు ముందు గ్రామసభ నడుగవలెను. తునికాకు వంటి చిన్న యటవీఫలములపై గ్రామసభకే యధికారము. ఆకు విషయమున నోరుగల తండ్రి, కూఁతురి భుజము విషయమున నోరులేనివాఁ డెట్లయ్యెను?

వేలిముద్రయే దోషమని నే ననను. చదువురానివానికి బుద్ధి లేదనుకొనుట చదివినవారి గర్వము. చక్కఁగా వినిపించి, అర్థమైనదో లేదో యడిగి తెలిసికొని తీసికొన్న వేలిముద్ర, చదువక చేసిన పట్టభద్రుని సంతకముకంటె నెంతయో మేలు. తెలివి చెవిద్వారమునఁ బోక, సిరా మాత్రము బొటనవ్రేలి ద్వారమున వచ్చుటయే దోషము.

ఇఁక నీ శాస్త్రము చెప్పుటకు వీలుకానంత కఠినమా? కఠినమనియే చాలమంది తలంతురు. కొంచెము ప్రయత్నించి చూతము.

స్త్రీల గర్భాశయ ముఖద్వారమున వచ్చు రాచపుండునకు మూలము పాపిల్లోమా యను వైరసు. దీనిని 1980 తరువాతి యేండ్లలో హెరాల్డ్ జుర్ హౌసెన్ అను జర్మను శాస్త్రజ్ఞుఁడు నిరూపించి, 2008లో నోబెలు బహుమాన మందుకొనెను. ఈ వైరసులలోఁ బెక్కు రకములు గలవు. 16, 18 సంఖ్యలుగల రెండు రకములే యీ వ్యాధిలో నూటికి డెబ్బదివంతులకుఁ గారణములు. ఇది స్త్రీపురుష సంపర్కమువలన సోఁకును. సోఁకినవారిలోఁ బెక్కుమందికి దానంతటదియే పోవును. పోక నిలిచినచోఁ బెక్కేండ్లకుఁ బుండుగా మాఱును. కావున సోఁకకముందే, అనఁగా బాల్యముననే, టీకా వేయవలెను.

టీకాలో నేమున్నది? 1991లో ఆస్ట్రేలియాలో ఇయాన్ ఫ్రేజరు, జియాన్ జౌ అను నిరువురు పండితులు, ఈ వైరసుయొక్క పైపొరలోని మాంసకృత్తును వేఱుగాఁ దయారుచేసినచో నది తనంతటఁ దానే గుండ్రని బూరుగా నమరునని కనుఁగొనిరి. లోపల వైరసుయొక్క బీజ ముండదు. వరిగింజలోని బియ్యమును దీసివేసి యూకను మాత్రము నిలిపినట్లన్నమాట. ఊక చల్లిన పొలమున మొలక రాదు. అట్లే యీ టీకావలన వ్యాధి రాదు. కాని యూకను జూచిన కావలివాఁ డా గింజను గుర్తుపట్టఁ గలఁడు. మన శరీరములోని కావలివాండ్ర కీ యూకను ముందుగాఁ జూపి, నిజమైన గింజ వచ్చిననాఁడు తఱిమివేయునట్లు నేర్పుటయే టీకా చేయు పని.

దీనితోఁబాటు చెప్పవలసిన మాటలు మఱికొన్ని గలవు. సూది గ్రుచ్చినచోట నొప్పియు వాపును గలుగవచ్చును. కొందఱికి జ్వరము, కొందఱికిఁ గన్నులు తిరుగుటయుఁ గలుగును. ఈ టీకా అన్ని రకముల వైరసులను నాపదు. కావున పెద్దయైన పిదప పరీక్ష చేయించుకొనవలసినదే. రక్షణ మెన్నియేండ్లు నిలుచునో 2009లో నెవ్వరికిని బూర్తిగాఁ దెలియదు. ఈ చివరిమాట చెప్పుటయే యన్నిటికంటెను ముఖ్యము. తనకుఁ దెలియని దేదో చెప్పుకొనుటవలననే శాస్త్రము గారడికంటె వేఱగుచున్నది. మేలు మాత్రమే చెప్పునది ప్రకటన. మేలును, కీడును, తెలియనిదియుఁ జెప్పునది విజ్ఞానము. సారా దుకాణమువాఁడును, సబ్బుల వర్తకుఁడును మొదటిదానిని జేయుదురు. వైద్యుఁడు రెండవదానిని జేయవలెను.

పైదంతయుఁ గోయభాషలోఁ జెప్పుటకు అరగంట చాలును. చెప్పకపోవుటకు నాకుఁ దోఁచిన కారణములు మూఁడు: సిగ్గు, తొందర, చిన్నచూపు. సంపర్కమువలన సోఁకు వ్యాధిని గూర్చి ఆఁడుపిల్లల తల్లిదండ్రులతో నెట్లు మాటలాడుదుమను సిగ్గు మొదటిది. స్త్రీల దేహమును గూర్చి మాటలాడుట తప్పని తలంచిన సంఘములో ఆ దేహమున కెన్ని కీడులు మూఁగినవో మన సంస్కర్తలు నూఱేండ్ల క్రిందటనే చెప్పిరి. ఆ సిగ్గు నింకను విడువని వైద్యుఁడు రోగము నెట్లు విడిపించును? తొందరను గూర్చి చెప్పనక్కఱలేదు. గడువులోపల సంఖ్య పూర్తికావలెనను కార్యక్రమములన్నిటను నది యుండును.

చిన్నచూపు మాటను మాత్రము విడువరాదు. ‘వారి కర్థము కాదు’ అను మాట మన కార్యాలయములలో నెంత సులభముగా వినఁబడును! పందొమ్మిదవ శతాబ్దమున దుమ్ముగూడెమునకు వచ్చిన క్రైస్తవ బోధకులు తమ మతము నిక్కడివారికిఁ జెప్పఁగోరి కోయభాషను నేర్చుకొనిరి. సువార్తలను గోయలో నచ్చొత్తించిరి. వారి మతము మనకుఁ బ్రస్తుతము కాదు. వారి శ్రద్ధ ప్రస్తుతము. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి కొండలలోని సవరల భాషను నేర్చి, పాఠశాలలు పెట్టి, పాఠ్యపుస్తకములు వ్రాసి, వ్యాకరణమును నిఘంటువును గూర్చిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి, ఇంగ్లీషు రాని తెలుఁగువానికిఁ బ్రకృతిశాస్త్రములు తెలియరాదా యని యడిగి, తెలుఁగుననే శాస్త్రగ్రంథములను వెలువరించినది. ఆచంట లక్ష్మీపతిగారు అంటువ్యాధులను గూర్చి తెలుఁగున గ్రంథము వ్రాసిరి. వీరెవ్వరికిని నేఁటి సాధనసంపత్తి లేదు. అన్నియుఁ గలిగిన 2009వ సంవత్సరపు కార్యక్రమము పిల్లచేతిలో నింగ్లీషు చీటిని బెట్టెను. మన వెనుకటివారి ముందు మన మెంత తలవంచుకొనవలెనో చూడుఁడు.

ఇట్టి తప్పు మనదేశమునకు మాత్రమే చెందినది కాదు. 1951లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలయందు హెన్రియెటా లాక్స్ అను నల్లజాతి స్త్రీ యిదే వ్యాధితోఁ జేరఁగా, ఆమె కణములను ఆమె కెఱిఁగింపకయే తీసి ప్రయోగశాలలోఁ బెంచిరి. అవి లోకమంతట వ్యాపించి యెన్నో పరిశోధనల కాధారమైనవి. ఆ కణములలో 18వ రకపు వైరసు గలదని తరువాతఁ దేలినది. ఈ టీకాకు దారితీసిన జ్ఞానములో ఆమె దేహమునకు భాగము గలదు. ఆమె యెఱుకకు మాత్రము లేదు. ఆ రాచపుండును నివారింప వచ్చిన టీకాయే భద్రాచలమున నా తప్పిదమునే తిరిగి చేయుట విచారకరము.

ఇంతవఱకు నొక పక్షమును విమర్శించితిమి. రెండవ పక్షమును విడిచినచో న్యాయము కాదు. అనుమతి తీసికొన్న రీతిని బయటపెట్టినవారికి మనము కృతజ్ఞులమై యుండవలెను. కాని ఆ రీతి తప్పనుటకును, టీకాయే పిల్లలను జంపిన దనుటకును నడుమ నొక పెద్ద యగడ్త గలదు. ఆ యగడ్తను గొన్ని పత్రికలు ఒక శీర్షికతో దాఁటివేసినవి. పాము కఱచి పోయిన పిల్లయు, నీటఁబడి పోయిన పిల్లయు టీకా మృతుల లెక్కలోఁ జేరిపోయిరి. ఇందునుగూడఁ దెలుపవలసినదానిని దెలుపమియే దోషము. మొదటివారు తల్లిదండ్రులకుఁ దెలుపలేదు. రెండవవారు పాఠకులకుఁ బూర్తిగాఁ దెలుపలేదు. అయినను దోషముల బరువు సమానము కాదు. ముందుగా నెవరు నిజమును జెప్పకుండిరో వారే వదంతికిఁ జోటిచ్చిరి. బీడువడిన పొలమునఁ గలుపు మొలచుట వింత కాదు.

ఫలమేమి? వ్యాజ్యము సుప్రీము కోర్టు కెక్కినది. కల్పనా మెహతా మొదలగువారి యా వ్యాజ్యములో, పార్లమెంటు సంఘముల నివేదికలను న్యాయస్థానములు చూడవచ్చునని 2018 మే 9వ తేదీన రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పెను. దేశమంతట నీ టీకాపై ననుమాన మలముకొన్నది. ఇటఁ జూడుఁడు: 2022వ సంవత్సరపు టంచనాలలో మనదేశమున నీ వ్యాధి క్రొత్తగా సోఁకిన స్త్రీలు 1,27,000 మందికిఁ బైఁగా, మరణించినవారు 79,000 మందికిఁ బైఁగా. అపనమ్మకముయొక్క వెల యీ యంకెలలోఁ గొంత యున్నది. ఆ వెలను జెల్లించువారు భద్రాచలపు కూలి స్త్రీలే గాని, అనుమతి పత్రములను గూర్చినవారు గారు.

చెప్పి చేసినచో నెట్లుండునో చూపుటకును మనదేశముననే నిదర్శనము గలదు. 2018లో సిక్కిము రాష్ట్రము 9 మొదలు 14 ఏండ్ల బాలికలకీ టీకానే వేసినది. ముందుగా నుపాధ్యాయులకు, వైద్యులకుఁ దర్ఫీ దిచ్చి, పత్రికలవారితోను దల్లిదండ్రులతోను మాటలాడి, పిదపనే సూది చేతఁబట్టిరి. నూటికిఁ దొంబదియేడుగురు వేయించుకొనిరి. టీకా మాఱలేదు, కొండవారు కొండవారే, మాఱినది మాట.

మఱియొక సంగతి చెప్పి ముగింతును. 2010 ఏప్రిలులో భద్రాచలపు కార్యక్రమముతోఁ బాటు, దేశములోఁ బెక్కుచోట్ల జరుగుచున్న వేఱొక టీకా యధ్యయనముగూడ నాగిపోయెను. రెండు మోతాదులు చాలునా, మూఁడు కావలెనా యని పరిశీలించుట కేర్పడిన యధ్యయన మది. హైదరాబాదుగూడ నందులో నొక కేంద్రము. అర్ధాంతరముగా నాగుటచే దాదాపు 5,000 మంది బాలికలకు ఒక్క మోతాదే యందినది. పదేండ్లు వారిని గనిపెట్టి చూడఁగా, ఆ యొక్క మోతాదే చక్కని రక్షణ మిచ్చుచున్నట్లు తేలినది. 2022లోఁ బ్రపంచారోగ్యసంస్థ ఒక్క మోతాదు చాలునని యంగీకరించుటకుఁ దోడ్పడిన యాధారములలో నిది యొకటి. 2009లోఁ దెలియని విషయములలోఁ గొన్ని యిట్లు తెలిసినవి. లోకమంతటి బాలికలకు మేలుచేసిన జ్ఞాన మిది. దీనిని శాస్త్రపత్రికలు ప్రకటించినవి. సభలలోఁ బండితులు చర్చించిరి. 2009లో భుజము చాఁచిన ఖమ్మము బాలికలకు మాత్రము ఎవరు చెప్పవలెను? ‘మీకు వేసిన టీకా యిది, దానిని గూర్చి యిప్పటివఱకుఁ దెలిసినది యిది, మీ రిఁక చేయించుకొనవలసిన పరీక్ష యిది’ అని వారి యింటి ముందఱ నిలిచి చెప్పుట ఋణము తీర్చుట యగునే గాని దయ చూపుట కాదు.

నాఁడు పదేండ్ల పిల్ల నేఁ డిరువదియైదు దాఁటిన స్త్రీ. వారిలోఁ గొందఱు తల్లులై యుందురు. ఈలోపల ఖమ్మము తెలంగాణలోఁ జేరినది. 2016లో భద్రాచలము క్రొత్త జిల్లాలోఁ బడినది. పూనాలో మన దేశపు టీకాయే తయారై 2023 జనవరినుండి లభించుచున్నది. పటములు మాఱినవి, టీకా పేరు మాఱినది. ఆ తల్లి జ్ఞాపకము మాత్రము మాఱలేదు. ఆమె కూఁతురికి టీకా వేయుదుమని యెవరైన నామె గుమ్మమున నిలిచిననాఁడు ఆమె తలుపు తెఱచునా, మూయునా? ఆ తలుపు మూయఁబడినచో నష్ట మాపిల్లది. దోష మాతల్లిది గాదు.

నే నీ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచున్నాను. ఆ తల్లి కిదియుఁ దెలియదు. ఈ పత్రికను జదువువారిలో వైద్యులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు గలరు కావుననే వ్రాసితిని. ఆమెకుఁ జెప్పవలసినది వీరు. చెప్పవలసినది ఆమె భాషలో. చెప్పవలసినది సూదికి ముందు. ఆ తరువాత నామె వేలిముద్ర వేసినను, సంతకము చేసినను, వలదని తల యూఁచినను, అప్పు డది యామె మాట యగును.